వాచీ 1,460 అంటోంది, పవర్ మీటర్ 840 అంటోంది: సైకిల్ మీద ఖర్చయ్యే క్యాలరీలకు ఏ లెక్క నమ్మాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి, మళ్లీ వెనక్కి, మొత్తం యాభై కిలోమీటర్లు, తొక్కిన సమయం రెండు గంటల అయిదు నిమిషాలు, మీ బరువు 75 కిలోలు. చేతికున్న వాచీ 1,460 క్యాలరీలు చూపించింది, ఫోన్‌లో యాప్ 1,190 అంది, మీ పక్కనే తొక్కిన, ఇంచుమించు మీ బరువే ఉన్న స్నేహితుడి పవర్ మీటర్ మాత్రం 840 కిలోజౌల్స్ దగ్గర ఆగింది. వీటిలో ఏది నిజం, వారానికి మూడు రోజులు తొక్కుతున్నా మూడు నెలలుగా బరువు ఎందుకు కదలడం లేదు, ఛాతీకి కట్టుకుని గుండె వేగం కొలిచే చెస్ట్ స్ట్రాప్ కొంటే లెక్క సరిపోతుందా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ రోజు మీకు ఖర్చయింది 900 నుంచి 1,050 మధ్యలో ఉంటుంది. వాచీ మీకు కనీసం నాలుగు వందల క్యాలరీలు ఎక్కువ చెప్పింది. మీ బరువు కదలకపోవడానికి కారణం కూడా చాలావరకు అక్కడే ఉంది, ఎందుకంటే ఆ 1,460 చూసుకుని తిన్నానని మీరే రాశారు. పద్నాలుగేళ్లుగా ఈ బీచ్ రోడ్డు మీద తొక్కుతున్నాను, 200 నుంచి 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరప్రయాణపు రైడ్లు, చేశాను, మొదటి నాలుగేళ్లు నేను కూడా వాచీ అంకెను బ్యాంకు బ్యాలెన్సులా నమ్మి తిన్నవాణ్నే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక విషయం బుర్రలోకి ఎక్కాలి. మీ దగ్గరున్న ఏ పరికరమూ క్యాలరీలను కొలవదు. క్యాలరీలు నిజంగా కొలవాలంటే ముక్కు, నోరు కప్పేలా మాస్క్ పెట్టి, మీరు పీల్చిన ఆక్సిజన్ ఎంత, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని చూడాలి. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే ఒంట్లో సుమారు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. రోడ్డు మీద ఆ మాస్క్ ఎవరూ పెట్టుకోరు కాబట్టి పరికరాలు ఇంకేదో కొలిచి, దాని నుంచి క్యాలరీలను ఊహిస్తాయి. వాచీ గుండె వేగం కొలుస్తుంది, ఫోన్ మీరున్న చోటు, వేగం కొలుస్తుంది, పవర్ మీటర్ పెడల్ మీద పడే బలం కొలుస్తుంది. కొలిచిన దానికీ క్యాలరీకీ మధ్య ఎంత దూరం ఉంటే తప్పు అంత పెద్దది.

పవర్ మీటర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో దూరం తక్కువ. పెడల్ ఇరుసులోనో, పెడల్‌ని మోసే కడ్డీలోనో (క్రాంక్) స్ట్రెయిన్ గేజ్‌లు అనే సెన్సర్లు అంటించి ఉంటాయి. మీరు తొక్కినప్పుడు ఆ లోహం కంటికి కనపడనంత వంగుతుంది, ఆ వంపుని బట్టి బలం తెలుస్తుంది, ఆ బలాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వాట్స్ వస్తాయి. జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ అనే ఇంజనీరు 1986లో ఇలాంటి మీటర్‌ను సైకిల్‌కి బిగించాడు, ఎస్‌ఆర్‌ఎం అంటే అదే. ఇప్పుడు మంచి మీటర్లలో తప్పు ఒకటి రెండు శాతం లోపే. వంద వాట్స్ చొప్పున గంట తొక్కితే 360 కిలోజౌల్స్ పని చేసినట్టు, ఇందులో ఊహ అంటూ ఏమీ లేదు.

ఊహ మొదలయ్యేది ఆ తర్వాతే. ఒక క్యాలరీ అంటే, మనం తిండి విషయంలో వాడే క్యాలరీ అంటే, 4.184 కిలోజౌల్స్. ఆ లెక్కన 840 కిలోజౌల్స్ అంటే 200 క్యాలరీలేనా అని మీకు అనుమానం రావాలి. కాదు. మన కండరాలు తిన్నదానిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే పెడల్‌కి అందిస్తాయి, మిగతాదంతా వేడిగా పోతుంది. మే నెలలో ఎండాడ దాటేసరికి టీషర్టు పిండుకోవాల్సి వచ్చేది ఆ వేడి వల్లే. సైకిల్ తొక్కేవాళ్ల ఎఫిషియెన్సీ సాధారణంగా 20 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. ఒకవైపు నాలుగుతో భాగించాలి, ఇంకోవైపు నాలుగుతో గుణించాలి, రెండూ కొట్టేసుకుంటాయి, అందుకే కిలోజౌల్స్ అంకెనే క్యాలరీల అంకెగా చదువుకోవచ్చు అంటారు. ఎఫిషియెన్సీ సరిగ్గా 24 శాతం దగ్గర ఉన్నవాళ్లకి ఆ రెండు అంకెలూ ఒక్కటే. 25 ఉంటే 840 కిలోజౌల్స్‌కి 803 క్యాలరీలు, 20 ఉంటే 1,004. మీరు తొక్కింది సగటున 110 వాట్స్ దగ్గర, అంటే మెల్లగా. మెల్లగా తొక్కేటప్పుడు ఊరికే బతికి ఉండడానికి అయ్యే ఖర్చు మొత్తంలో పెద్ద భాగం అవుతుంది, కాబట్టి ఎఫిషియెన్సీ ఇంకాస్త తక్కువే, 19 దగ్గర ఉండొచ్చు. అందుకే నేను 900 నుంచి 1,050 అన్నాను.

నా విషయం చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక స్పోర్ట్స్ ల్యాబ్‌లో ఆ మాస్క్ పెట్టించుకుని తొక్కాను. మాస్క్ రబ్బరు వాసన, లోపల చేరే తడి, ఏమాత్రం హాయిగా ఉండదు. 150 వాట్స్ దగ్గర నిమిషానికి 2.1 లీటర్ల ఆక్సిజన్ వాడాను, అంటే గంటకు సుమారు 617 క్యాలరీలు. అదే గంటకు పవర్ మీటర్ లెక్క 540 కిలోజౌల్స్. అంటే నా ఎఫిషియెన్సీ 21 శాతం, నా కిలోజౌల్స్‌ని 1.14తో గుణిస్తే నా క్యాలరీలు. ఇది మనిషిని బట్టి మారుతుంది కానీ ఒకే మనిషిలో నెలనెలా పెద్దగా మారదు. బాగా తొక్కేవాడికీ కొత్తవాడికీ మధ్య తేడా కూడా జనం అనుకునేంత ఉండదు. బాగా తొక్కేవాడు గంటలో ఎక్కువ పని చేయగలడు, అందుకే ఎక్కువ ఖర్చు పెడతాడు, అంతే.

పవర్ మీటర్‌లో కూడా రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ఎడమ క్రాంక్‌లో మాత్రమే సెన్సర్ ఉన్న మీటర్ ఎడమ కాలి బలాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. మీ ఎడమ కాలు 48 శాతమే తొక్కుతుంటే మీ లెక్క ఎప్పుడూ నాలుగు శాతం తక్కువే వస్తుంది. రెండోది జీరో ఆఫ్‌సెట్, అంటే పెడల్ మీద బలం లేనప్పుడు మీటర్ సున్నా చూపించేలా సరిచేసుకోవడం. ఏసీ గదిలోంచి తీసి నేరుగా బయట వేడిలోకి తెచ్చి బయలుదేరితే లోహం వ్యాకోచించి అంకె కొంచెం పక్కకు జరుగుతుంది. పది నిమిషాలు బయట ఉంచి, అప్పుడు ఆఫ్‌సెట్ చేసుకుని బయలుదేరండి. ఇవన్నీ కలిపినా తప్పు వాచీ తప్పులో పదో వంతు.

ఇక వాచీ. దీని గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే.

గుండె వేగానికీ ఆక్సిజన్ వాడకానికీ సంబంధం ఉన్న మాట నిజమే. మధ్యస్థంగా తొక్కుతున్నప్పుడు ఒకటి పెరిగితే రెండోదీ ఇంచుమించు సరళరేఖలా పెరుగుతుంది. కానీ ఆ రేఖ మీది వేరు, నాది వేరు. గుండె వేగం 140 దగ్గర నేను 150 వాట్స్ తొక్కుతుంటే అదే 140 దగ్గర మీరు 100 తొక్కుతుండొచ్చు, జాతీయ స్థాయి కుర్రాడు 230 తొక్కుతుండొచ్చు. ముగ్గురి చేతికీ ఒకే వాచీ కట్టి, ఒకే వయసు, ఒకే బరువు వేస్తే దానికి ముగ్గురూ ఒకటే. మీ గరిష్ఠ గుండె వేగం ఎంతో చెప్పకపోతే చాలా పరికరాలు 220లోంచి వయసు తీసేసి పెట్టుకుంటాయి, ఆ సూత్రం ఒక్కో మనిషి దగ్గర పది, పన్నెండు బీట్లు అటూ ఇటూ తప్పుతుంది. నా వయసుకి ఆ లెక్కన 169 రావాలి, కైలాసగిరి ఎక్కేటప్పుడు నేను 181 చూశాను. ఆ 181 వాచీలో సెట్ చేసిన రోజు నుంచే నా క్యాలరీలు ఒక్కసారిగా తగ్గిపోయాయి, తొక్కేది మాత్రం ఏమీ మారలేదు.

అసలు చిక్కు మన ఊరి ఉక్కపోత. ఎండలో, తేమలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది, చెమట పోయేకొద్దీ రక్తంలో నీరు తగ్గుతుంది, అందుకని అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. పని పెరగలేదు, గుండె పెరిగింది. వాచీకి రెండూ ఒకటే.

దీన్ని నేను ఇంట్లో పరీక్షించి చూశాను. మే నెల, సాయంత్రం, మేడ మీద గదిలో ట్రైనర్‌కి, అంటే ఉన్నచోటే తొక్కడానికి వాడే స్టాండుకి, సైకిల్ బిగించి, 130 వాట్స్ దగ్గర కదలకుండా పెట్టి, గంటంపావు తొక్కాను. మొదటి రోజు కావాలని ఫ్యాన్ వేయలేదు. పదిహేనో నిమిషంలో గుండె 132, చివర్లో 151. హ్యాండిల్ మీంచి చెమట చుక్కలు కారి కింద పరిచిన తువ్వాలు మొత్తం తడిసింది, సీసా నీళ్లు రెండూ అయిపోయాయి. వాచీ 790 క్యాలరీలు ఇచ్చింది. రెండు రోజుల తర్వాత అదే సమయానికి, అదే 130 వాట్స్, అదే గంటంపావు, పెద్ద పెడెస్టల్ ఫ్యాన్ ముఖం మీదకి తిప్పి పెట్టాను. గుండె 128తో మొదలై 136 దాటలేదు, తువ్వాలు సగమే తడిసింది, వాచీ 660 ఇచ్చింది. పవర్ మీటర్‌లో రెండు రోజులూ 585 కిలోజౌల్స్. అంటే ఫ్యాన్ స్విచ్ నొక్కినందుకు 130 క్యాలరీలు మాయమయ్యాయి! ఒళ్లు చల్లబరచుకోవడానికి కొంచెం ఖర్చు ఉంటుంది, కాదనను, కానీ అంత ఉండదు. ఈ తువ్వాలు సంగతి నేను కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్తాను, ఎందుకంటే చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరుగుతుందని ఇంకా చాలామంది నమ్ముతున్నారు, రెయిన్ కోటు వేసుకుని తొక్కేవాళ్లని కూడా చూశాను. పోయేది నీళ్లు, ఉప్పు. ఇంటికొచ్చి నాలుగు గ్లాసులు తాగితే ఆ బరువు తిరిగొచ్చేస్తుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, వడదెబ్బ తగులుతుంది.

గుండెను ఇలా పెంచేవి ఇంకా ఉన్నాయి. రాత్రి నిద్ర లేకపోవడం, బయలుదేరే ముందు స్ట్రాంగ్ కాఫీ, లోపల్లోపల జ్వరం, ఆఫీసు టెన్షన్, లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయినప్పుడు కలిగే భయం. వీటిలో దేనికీ పెడల్ మీద పని పెరగదు.

తగ్గించేవి కూడా ఉన్నాయి, అది ఇంకా ముఖ్యం. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకి, అంటే మెటోప్రొలోల్, అటెనొలోల్ లాంటివి, గుండె వేగం పైకి వెళ్లదు. మా గుంపులో ఒక పెద్దాయన మాతో పాటే అరవై కిలోమీటర్లు తొక్కితే ఆయన వాచీ నాలుగు వందలు కూడా చూపించలేదు, ఆయన పాపం తనకి శక్తి లేదని బాధపడి ఇంకా తక్కువ తినడం మొదలుపెట్టారు. అలాంటి మందులు వాడుతుంటే గుండె వేగం మీద నడిచే ఏ అంకెనీ, క్యాలరీలే కాదు ట్రైనింగ్ జోన్లు కూడా, పట్టించుకోవద్దు. డాక్టరుగారిని అడిగి, ఆయాసాన్ని బట్టి తొక్కండి.

ఇదంతా గుండె వేగం సరిగ్గా కొలిచినప్పటి మాట. మణికట్టు దగ్గర ఆకుపచ్చ లైటు చర్మంలోకి పంపి, రక్తం అలను చదివే పద్ధతి కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు బాగానే పనిచేస్తుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, మణికట్టు వంచి, గతుకుల రోడ్డు మీద పోతున్నప్పుడు తడబడుతుంది. చెస్ట్ స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి చాలా నయం, పెట్టుకునే ముందు దాని ప్యాడ్లు నీళ్లతో తడుపుకోవాలి, అంతే. అయితే స్ట్రాప్ కొంటే గుండె అంకె సరవుతుంది కానీ క్యాలరీ అంకె సరవుతుందని గ్యారంటీ లేదు. 2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు అరవై మంది మీద ఏడు రకాల చేతి పరికరాలు పరీక్షించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని అయిదు శాతం లోపు తప్పుతో చూపించాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నింట్లో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నింట్లో అధ్వానమైనది 93 శాతం. ఆ తర్వాత పరికరాలు మెరుగుపడ్డాయి, ఒప్పుకుంటాను. కానీ గుండె నుంచి క్యాలరీకి వెళ్లే దారిలో ఉన్న చిక్కు సెన్సర్ మారిస్తే పోయేది కాదు.

ఇప్పుడు ఫోన్ యాప్. స్ట్రావా లాంటివి పవర్ మీటర్ లేనప్పుడు మీ వేగం, బరువు, రోడ్డు ఎత్తుపల్లాలు చూసి వాట్స్ ఊహిస్తాయి. ఇంకా సాదా యాప్‌లు అయితే వేగాన్ని బట్టి ఒక పట్టిక చూసి గుణించేస్తాయి. ఈ పట్టికల్లో మెట్ అనే లెక్క ఉంటుంది, ఊరికే కూర్చుంటే ఒక మెట్, అంటే కిలో బరువుకి గంటకు సుమారు ఒక క్యాలరీ. ఎక్కువగా వాడే పట్టికలో గంటకు 20 కిలోమీటర్ల వేగానికి 8 మెట్లు, 30కి 12 మెట్లు ఉంటాయి.

దీన్ని మన బీచ్ రోడ్డు మీద పెట్టి చూడండి. వేసవిలో ఇక్కడ గాలి నైరుతి నుంచి వీస్తుంది, భీమిలి మనకి ఈశాన్యంగా ఉంది. అంటే వెళ్లేటప్పుడు వీపు మీద గాలి, వచ్చేటప్పుడు ముఖం మీద గాలి. రుషికొండ దాటాక మంగమారిపేట వైపు 30లో దూసుకుపోతుంటే మనకే ఆశ్చర్యం వేస్తుంది, ఇవాళ కాళ్లు భలే ఉన్నాయే అనిపిస్తుంది, భీమిలిలో టీ తాగి వెనక్కి తిరిగితే అప్పుడు తెలుస్తుంది ఆ కాళ్లు ఎవరివో, 20 పట్టుకోవడమే గగనం. గంటకు పది కిలోమీటర్ల గాలి ఉంటే చాలు, అటు 30కీ ఇటు 20కీ పెడల్ మీద పడే వాట్స్ ఇంచుమించు ఒకటే, 110, 115 దగ్గర. పట్టిక మాత్రం వెళ్లేటప్పుడు గంటకు 900 ఇస్తుంది, వచ్చేటప్పుడు 600 ఇస్తుంది, మీ 75 కిలోల బరువుకి. వెళ్లేందుకు యాభై నిమిషాలు, వచ్చేందుకు గంటంపావు కాబట్టి రెండు వైపులా కలిపి 1,500. నిజంగా మీరు చేసిన పని 840 కిలోజౌల్స్, అందులో ఎక్కువ భాగం వచ్చేటప్పుడే. గాలి ఎటు వీస్తోందో ఫోన్‌కి తెలియదు.

ఎవరి వెనకాల తొక్కుతున్నారో కూడా దానికి తెలియదు. గుంపులో ముందు మనిషి చక్రానికి దగ్గరగా ఉంటే మీకు తగిలే గాలిలో మూడో వంతు దాకా తగ్గుతుంది. మీ స్నేహితుడు ముందుండి మీరు వెనక ఉంటే, ఇద్దరి యాప్‌లూ ఒకే అంకె చూపిస్తాయి, పని మాత్రం ఆయనది ఎక్కువ. మీ స్నేహితుడి 840 మీకు కూడా వర్తిస్తుందని నేను అనుకున్నది మీరిద్దరూ పక్కపక్కనే తొక్కామన్నారు కాబట్టి. లేకపోతే మీది 700 కూడా అయ్యుండొచ్చు.

ఫోన్ బాగా చెప్పేది ఒక్క కొండ ఎక్కేటప్పుడే. అక్కడ వేగం తక్కువ, గాలి పెద్దగా లెక్కలోకి రాదు, పని అంతా బరువుని పైకి మోయడమే. దీనికి ఒక సులువైన లెక్క ఉంది, ఎప్పుడూ పనికొస్తుంది. మీరూ, సైకిలూ, సీసాలూ కలిపి 85 కిలోలు అనుకుంటే, ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ 83 కిలోజౌల్స్ పని, అంటే సుమారు 83 క్యాలరీలు. మొత్తం బరువు ఎన్ని కిలోలైతే వంద మీటర్ల ఎత్తుకి ఇంచుమించు అన్ని క్యాలరీలు, గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక లేదు. టైర్ల రాపిడికి, గాలికి పైన ఇంకాస్త కలుపుకోండి. కైలాసగిరి ఎక్కినా, సింహాచలం ఘాట్ ఎక్కినా మీ వాచీ చెప్పిన దాన్ని ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు. వాచీ మూడింతలు చెప్తుంటే దాని సెట్టింగుల్లో ఏదో తప్పుంది. దిగేటప్పుడు మాత్రం పెడల్ తొక్కరు కాబట్టి దాదాపు ఏమీ ఖర్చవదు, గుండె ఇంకా నూట ఇరవై మీద ఉంటుంది కనుక వాచీ కొన్ని నిమిషాలు లెక్కేస్తూనే ఉంటుంది.

జిమ్‌లో సైకిళ్ల గురించి ఒక్క మాట. బరువు అడగకుండానే క్యాలరీలు చూపించే మెషీన్‌ను అసలు చూడొద్దు. పవర్ కొలిచే మంచి స్మార్ట్ ట్రైనర్లు వేరు, అవి నమ్మొచ్చు.

ఇప్పుడు మీ బరువు సంగతి. వాచీ చూపించే అంకె రెండు రకాలుగా ఉంటుంది, మొత్తం అని ఒకటి, యాక్టివ్ అని ఒకటి. మొత్తంలో మీరు ఊరికే సోఫాలో కూర్చున్నా అయ్యే ఖర్చు కూడా కలిసి ఉంటుంది. 75 కిలోల మనిషికి రెండు గంటలకు అది 150 క్యాలరీలు. మీ తిండి లెక్క యాప్ ఆ ఖర్చును రోజువారీ లెక్కలో ముందే వేసి ఉంచుతుంది. దాని మీద వాచీ మొత్తం అంకెను కలిపితే ఆ 150ని రెండుసార్లు లెక్కేసినట్టు. మీరు పంపిన స్క్రీన్‌లో సరిగ్గా అదే జరిగింది, 1,460 మొత్తం అంకె. అంటే మీరు తినడానికి కొత్తగా దొరికింది 1,460 కాదు, 750 నుంచి 900. తేడా అయిదు వందల పైమాటే. వారంలో మిగతా రెండు చిన్న రైడ్లకి కూడా ఇలాగే రెండేసి వందలు కలిపితే వారానికి 900, నెలకి 3,900 దాకా. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. నెలకి అర కిలో తగ్గాల్సినదంతా అక్కడే ఆగిపోయింది. మీరు బద్ధకించలేదు, అతిగా తినలేదు, తప్పుడు అంకె ప్రకారం క్రమశిక్షణతో తిన్నారు, నాకు అదే బాధగా ఉంది.

ఇంకొకటి కూడా గమనించుకోండి. ఆదివారం పొద్దున్న యాభై తొక్కి వచ్చి, పూరీ తిని, మధ్యాహ్నం మూడు గంటలు పడుకుని, సాయంత్రం కూరగాయలకి కూడా బండి మీద వెళ్తే, రోజు మొత్తం ఖర్చు అనుకున్నంత పెరగదు. ఒళ్లు అలిసిపోయి మిగతా కదలికలు తగ్గించేసుకుంటుంది. తిండి వైపు లెక్క కూడా జారుతుంది. ఒక టేబుల్ స్పూను నెయ్యి లేదా నూనె 120 క్యాలరీలు, పెసరట్టు మీద ఎంత నూనె పడిందో ఎవరూ కొలవరు. పెసరట్టు మానేయమని చెప్పడం లేదు, నేనూ మానలేదు. రెండు వైపులా తప్పులున్న లెక్కలో చివరి అంకె దాకా నమ్మితే ఇలాగే అవుతుంది అంటున్నాను.

మరి ఏం చేయాలి అంటే, ముందు వాచీలో మీ ఇప్పటి బరువు, నిజమైన గరిష్ఠ గుండె వేగం వేయండి. కొన్నప్పుడు వేసిన 84 కిలోలు అలాగే ఉన్నాయేమో చూడండి, చాలామందికి ఉంటాయి. తర్వాత నాలుగు వారాల పాటు వాచీ యాక్టివ్ క్యాలరీల్లో సగం మాత్రమే తినే లెక్కలో కలపండి. రోజూ పొద్దున్నే ఒకే సమయానికి బరువు చూసుకుని వారం సగటు రాసుకోండి, ఒక్కరోజు అంకెను చూడకండి, నీళ్ల వల్ల కిలో అటూ ఇటూ అవుతుంది. నాలుగు వారాల సగటు మెల్లగా కిందికి వస్తుంటే ఆ సగం మీకు సరైనది. మరీ వేగంగా పడిపోతూ, రైడ్ చివర్లో కాళ్లు ఖాళీ అయిపోతున్నట్టు ఉంటే కొంచెం పెంచండి. వాచీని అవతల పారేయక్కర్లేదు, ఒకే వాచీ, ఒకే మనిషి, ఒకే రకం వాతావరణం అయితే పోయిన వారానికీ ఈ వారానికీ పోలిక బాగానే చూపిస్తుంది. మార్చిలో అంకెనీ మే అంకెనీ మాత్రం పోల్చకండి.

తక్కువ తినడం గురించి కూడా ఒక హెచ్చరిక. సగం అన్నది యాభై, అరవై కిలోమీటర్ల రైడ్ల మాట. మీరు వచ్చే శీతాకాలం 200 బ్రెవే చేయాలనుకుంటున్నానని రాశారు, ఆ రోజు క్యాలరీలు కోయొద్దు. గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం, అంటే 240 క్యాలరీలు, మొదటి గంట నుంచే లోపలికి పోవాలి, అరటిపండో, బెల్లం పల్లీ చిక్కీయో, ఉప్పు వేసిన నిమ్మరసం పంచదారతోనో. ఎనిమిది గంటల్లో మూడు వేల పైన ఖర్చు పెడతారు, అదంతా రోడ్డు మీదే భర్తీ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. కానీ బరువు తగ్గుతుంది కదా అని ఖాళీ కడుపుతో తొక్కితే నూట ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూర్చోవాల్సి వస్తుంది, అలా కూర్చున్న ఇద్దరిని నేను వ్యాన్ ఎక్కించాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న, ఏం కొనాలి. క్యాలరీల కోసమే అయితే చెస్ట్ స్ట్రాప్ కొనొద్దు, గుండె వేగం సరిగ్గా కావాలంటే కొనండి, ఆ పనికి మంచిది. పవర్ మీటర్ చాలా ఖరీదు, కేవలం క్యాలరీల కోసం అంత పెట్టమని ఎవరికీ చెప్పను. మీకు కావాల్సింది మీ వాచీకీ మీ కాళ్లకీ మధ్య ఉన్న నిష్పత్తి, దానికి మూడు రైడ్లు చాలు. మూడు రైడ్లలో వాచీ యాక్టివ్ క్యాలరీలు ఎన్ని, కిలోజౌల్స్ ఎన్ని అని రాసుకుంటే మీ భాగహారం మీకు వచ్చేస్తుంది, ఆ తర్వాత మీటర్ లేకపోయినా ఆ అంకెతోనే బతకొచ్చు. నా దగ్గర పవర్ మీటర్ పెడల్స్ ఒక జత ఖాళీగా ఉన్నాయి, రెండు వైపులా కొలిచేవే. ఆదివారం పొద్దున్న అయిదున్నరకి మేము కాళీమాత గుడి దగ్గర కలుస్తాం. ఎనిమిది ఎంఎం అలెన్ కీ నేను తెస్తాను, మీ సైకిల్‌కి అక్కడే బిగిద్దాం, మూడు వారాలు ఉంచుకుని ఇవ్వండి. రోడ్డు సైకిల్ క్లీట్స్, అంటే బూటుని పెడల్‌కి పట్టి ఉంచే బిళ్లలు, ఉన్న బూట్లు కావాలి, మీ పాదం సైజు ఒకసారి చెప్తే ఎవరి దగ్గరైనా అడిగి చూస్తాను.